పోర్నోగ్రఫీ స్త్రీని వస్తువుగా మారుస్తుందా: ఈ చర్చను కళాశాలలో, గ్రంథాలయంలో నడిపే పద్ధతి

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో చర్చాగోష్ఠులకు కొదవ లేదు. వరకట్నం మీద, మద్యం మీద, మహిళా రిజర్వేషన్ల మీద మన విద్యార్థులు ధారాళంగా మాట్లాడతారు. ప్రతి చేతిలోనూ ఫోను ఉండి, ప్రతి ఫోనులోనూ పోర్నోగ్రఫీ దొరుకుతున్న ఈ కాలంలో, అది స్త్రీని వస్తువుగా మారుస్తుందా అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ వేదిక ఎక్కించరు. ఎప్పుడైనా ఎక్కించినా సభ రెండు విధాలుగానే ముగుస్తుంది. ముందు వరుసలోని పెద్దలు ఇది మన సంస్కృతి కాదని ఖండిస్తారు, వెనక బెంచీల్లో నవ్వులు వినిపిస్తాయి. ఎవరి గురించి ఆ చర్చ పెట్టారో ఆ అమ్మాయిలు తలవంచుకొని కూర్చుంటారు.

ఈ చర్చను సరిగా నడపదలచిన అధ్యాపకులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, చదువరుల బృందాలకు ఉపయోగపడాలని ఈ పద్ధతిని రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెప్పడం న్యాయం. నేడు వ్యాపారంగా సాగుతున్న పోర్నోగ్రఫీలో అధిక భాగం స్త్రీని వస్తువుగానే చూపిస్తుందని నేను నమ్ముతున్నాను. అదే విషయాన్ని ఇంటి పరువు పేరుతో వాదించేవారిలో చాలామంది కూడా ఆమెను వస్తువుగానే చూస్తున్నారని అంతే గట్టిగా నమ్ముతున్నాను. ఈ రెండింటినీ విడదీయలేని నిర్వాహకుడు చర్చను ఎంత బాగా ఏర్పాటు చేసినా అది నీతిబోధగానే మిగులుతుంది.

సభకు ముందు చేయవలసినవి

పాల్గొనేవారందరూ 18 ఏళ్లు నిండినవారై ఉండాలి. ఇంటర్ విద్యార్థులతో ఈ రూపంలో ఈ చర్చ పెట్టకూడదు. వారికి శరీర భద్రత గురించీ సమ్మతి గురించీ వేరే పద్ధతిలో, వేరే తరగతిలో చెప్పాలి. డిగ్రీ కళాశాలలో అయితే ప్రిన్సిపాల్ అనుమతిని రాతపూర్వకంగా తీసుకొని, లైంగిక వేధింపుల నివారణకు 2013 చట్టం ప్రకారం ఏర్పడిన అంతర్గత కమిటీకి ముందుగా తెలియజేయాలి. పాతిక మందికి మించకుండా చూసుకోవాలి. అబ్బాయిలను ఒకవైపు, అమ్మాయిలను మరొకవైపు కూర్చోబెట్టే అలవాటును ఆ ఒక్క రోజుకు పక్కనపెట్టి కుర్చీలను గుండ్రంగా వేయాలి.

ఎలాంటి దృశ్యాన్నీ చూపకూడదు. ఒక్క ఫొటో కూడా వద్దు. ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన నియమం కాదు. స్త్రీకి ఇష్టం లేకుండా ఆమెకు పోర్నోగ్రఫీ చూపడం లైంగిక వేధింపు అని భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ చెబుతోంది. ఒక గదిలో పాతిక మంది ఉన్నప్పుడు ఎవరి ఇష్టం ఏమిటో నిర్వాహకుడికి తెలిసే అవకాశం లేదు. అలాగే ‘మీరు చూస్తారా?’ అని ఎవరినీ ఎవరూ అడగకూడదన్న నియమాన్ని బోర్డు మీద రాసి ఉంచాలి. ఆ ప్రశ్న ఒక్కసారి పుడితే, ఆ తర్వాత ప్రతి మాటా తనను కాపాడుకోవడానికి అన్నదే అవుతుంది.

ప్రశ్నను సరిగా నిలబెట్టడం

‘పోర్న్ మంచిదా, చెడ్డదా?’ అన్నది చర్చనీయాంశంగా పనికిరాదు. ‘అశ్లీలమా, కాదా?’ అన్నది ఇంకా పనికిరాదు. అశ్లీలత గురించిన ప్రశ్న చూసేవాడి మనసు చెడుతుందా అని అడుగుతుంది. మన ప్రశ్న, చూపబడుతున్న స్త్రీని మనిషిగా లెక్కించారా అని అడుగుతుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మన దగ్గర ఎంత అన్యాయం జరిగిందో చెప్పడానికి నేను ‘రాధికా సాంత్వనము’ చరిత్రను ఉదాహరణగా తీసుకుంటాను. తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన ఈ కావ్యంలో స్త్రీ తన కోరికను తానే, తన గొంతుతో చెబుతుంది. కందుకూరి వీరేశలింగం పంతులు దాన్ని స్త్రీలు వినకూడనిదని నిందించారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి ప్రతిని అచ్చు వేయిస్తే ఆంగ్ల ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఆ కావ్యంలో శృంగారం నిండుగా ఉంది. అయినా అందులో స్త్రీ వస్తువు కాదు. ఆమెకు కోపం ఉంది, అలక ఉంది, తనకు కావలసింది అడిగే నోరు ఉంది. దీనికి పూర్తి విరుద్ధంగా, ఒంటినిండా బట్టలున్నా స్త్రీని వస్తువు చేసే ప్రకటనలు మన బందరు రోడ్డు పొడుగునా హోర్డింగుల మీద కనిపిస్తాయి. ఈ పోలికను సభలో మొదటి పదిహేను నిమిషాల్లోనే పెడితే, బట్టల కొలతల మీదికి మళ్లబోయే చర్చ తిరిగి దారికి వస్తుంది.

వస్తువుగా చూడటం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి

ఇక్కడ తొందరపడకూడదు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో రాసిన సూత్రం ఈ ఆలోచనకు మూలం. అమెరికా తత్త్వవేత్త మార్తా నుస్‌బామ్ 1995లో రాసిన వ్యాసంలో దాన్ని ఏడు లక్షణాలుగా విడగొట్టారు. మనిషిని సాధనంగా వాడుకోవడం మొదటిది. ఆమెకు సొంత నిర్ణయం లేదనుకోవడం, ఆమె తనంతట తాను ఏమీ చేయలేనిది అనుకోవడం, ఆమె కాకపోతే మరొకతె సరిపోతుందనుకోవడం, గాయపరచినా హద్దు మీరినా ఫరవాలేదనుకోవడం, కొనడానికీ అమ్మడానికీ వీలైన సొత్తు అనుకోవడం, ఆమె ఏమనుకుంటోందో లెక్క చేయకపోవడం మిగతావి. రే లాంగ్టన్ అనే మరో తత్త్వవేత్త వీటికి ఇంకో మూడు చేర్చారు: మనిషిని ఒంటికి కుదించడం, కంటికి కనిపించే రూపానికి కుదించడం, మాట్లాడనీయకపోవడం. ఈ పది లక్షణాలనూ తెలుగులో ఒక కాగితం మీద అచ్చు వేసి అందరికీ పంచండి. ఇకపై ఎవరు ‘వస్తువు’ అన్నా వీటిలో ఏ అర్థంలో అంటున్నారో చెప్పమని అడగండి. చర్చలోని పొగమంచు సగం అక్కడే విడిపోతుంది.

నుస్‌బామ్ చెప్పిన మరో మాటను కూడా దాచకూడదు. ఈ లక్షణాల్లో కొన్ని ప్రేమ ఉన్న చోట హాని చేయవు. ప్రియుడి పొట్ట మీద తల పెట్టుకొని పడుకున్న స్త్రీ ఆ క్షణంలో అతన్ని దిండుగా వాడుకుంటోంది, కానీ అతను ఆమెకు మనిషి కాకుండా పోలేదు. కాబట్టి ఒక లక్షణం కనబడగానే తీర్పు చెప్పకూడదు. ఆ సంబంధం మొత్తంలో ఆ మనిషికి గౌరవం ఉందా, కాదనే వీలు ఉందా అన్నది చూడాలి.

దీన్ని అర్థం చేయించడానికి ఒక అభ్యాసం బాగా పనిచేస్తుంది. ఏదైనా ఒక ఐటం పాటలోని మొదటి అర నిమిషాన్ని, వీడియో వేయకుండా, షాట్ తర్వాత షాట్‌గా కాగితం మీద రాసి చదవండి. మొదట మడమలు, పట్టీలు. తర్వాత నడుము. వెనకనుంచి వీపు. మళ్లీ నడుము, ఈసారి ఇంకా దగ్గరగా. చుట్టూ నిలబడ్డ మగవారి ముఖాలు పూర్తిగా కనిపిస్తాయి, వారి నోళ్లు తెరుచుకొని ఉంటాయి. ఆమె ముఖం ఏడో షాట్‌లోనో ఎనిమిదో షాట్‌లోనో వస్తుంది. ఇంతవరకు చదివి, పై పదింటిలో ఏవి కనబడ్డాయో రాయమనండి. ముఖం రాకముందే ఒళ్లు ముక్కలుగా వచ్చిందన్న సంగతిని ఎవరూ చెప్పనక్కర లేకుండానే వారు గుర్తిస్తారు. సినిమాలో మనం అలవాటుగా చూస్తున్నదే పోర్నోగ్రఫీలో ఇంకా తీవ్రంగా ఉందా, లేక అక్కడ వేరే ఏదో జరుగుతోందా అన్న ప్రశ్న అప్పుడు దానంతటదే వస్తుంది.

రెండో ఉదాహరణ మన జిల్లాకే చెందినది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న లిఫ్టులోకి వస్తున్నట్టు ఒక వీడియో దేశమంతా తిరిగింది. అందులోని శరీరం బ్రిటన్‌లో ఉండే భారతీయ సంతతి యువతిది, ముఖం మాత్రమే రష్మికది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఈ కేసులో అరెస్టు చేసిన యువకుడు గుంటూరు జిల్లావాడు. రష్మిక పేరుతో నడుపుతున్న అభిమానుల పేజీకి అనుచరులను పెంచుకోవడానికి ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. ఆ వీడియో పోర్నోగ్రఫీ కాదు. అయినా ‘ఒకతె కాకపోతే మరొకతె’ అన్న లక్షణానికి ఇంతకంటే స్పష్టమైన రూపం దొరకదు. ఒక స్త్రీ ముఖాన్నీ మరో స్త్రీ ఒంటినీ కలిపారు, ఇద్దరిలో ఏ ఒక్కరినీ అడగలేదు. చేసినవాడు ద్వేషంతో కాక అభిమానం పేరుతో చేశాడన్నది విద్యార్థులు ఎక్కువసేపు ఆలోచించవలసిన సంగతి.

నాలుగు దశలుగా విడగొట్టండి

‘పోర్నోగ్రఫీ’ అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పనులు ఉన్నాయి: తీయడం, అందులో చూపడం, చూడటం, పంచడం. బృందాన్ని నాలుగుగా చేసి ఒక్కో దశను ఒక్కో జట్టుకు అప్పగించండి.

తీయడం దగ్గర అసలు ప్రశ్న సమ్మతి. తన ఇష్టంతో, తన షరతుల మీద, డబ్బు కోసం ఈ పని ఎంచుకున్న వయోజన స్త్రీ ఉండవచ్చు. ఆమెకు ఆలోచనే లేదనడం, సొంత నిర్ణయం లేదనుకోవడమనే రెండో లక్షణాన్ని మనమే ఆమెకు అంటగట్టడం అవుతుంది. మరోవైపు, మోసపోయిన స్త్రీలు ఉన్నారన్నది ఊహ కాదు. అమెరికాలోని శాన్ డియాగో కోర్టు 2020 జనవరిలో అలాంటి 22 మంది స్త్రీలకు సుమారు కోటీ ఇరవై ఏడు లక్షల డాలర్లు చెల్లించాలని పోర్నోగ్రఫీ వీడియోలు తీసే ఒక సంస్థ యజమానులను ఆదేశించింది. ఆ వీడియోలు ఇంటర్నెట్‌లోకి రావని నమ్మించి తీశారు, తర్వాత అందరికీ తెలిసేలా పెట్టారు. తెర మీద ఆమె నవ్వుతూ కనిపించినా ఆ నవ్వు సమ్మతికి సాక్ష్యం కాదని ఈ కేసు చెబుతుంది. చూసేవాడికి తేడా తెలిసే మార్గమే లేదు. నా దృష్టిలో, పోర్నోగ్రఫీని సమర్థించేవారు జవాబు చెప్పవలసిన అతి కష్టమైన ప్రశ్న ఇదే.

చూపడం దగ్గర గణాంకాలు వస్తాయి. వాటిని జాగ్రత్తగా వాడటం నేర్పాలి. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం బాగా అమ్ముడైన వీడియోల్లోని 304 సన్నివేశాలను పరిశీలించి, 88 శాతంలో శారీరక దౌర్జన్యం ఉందని చెప్పింది. 2020లో వచ్చిన మరో అధ్యయనం నాలుగు వేలకు పైగా సన్నివేశాలు చూసి, రెండు ప్రసిద్ధ ఉచిత సైట్లలో ఒకదానిలో 45 శాతం, మరొకదానిలో 35 శాతం అని చెప్పింది. చూసిన వీడియోలు వేరు, దౌర్జన్యం అంటే ఏమిటన్న నిర్వచనాలూ వేరు కాబట్టి అంకెలు కలవవు. కానీ దెబ్బ తిన్నది దాదాపు ప్రతిసారీ స్త్రీయే అన్న విషయంలో రెండు అధ్యయనాలూ కలుస్తాయి. అంకెను కాక ఆ ఏకాభిప్రాయాన్ని పట్టుకోమని చెప్పండి.

చూడటం గురించిన జట్టుకు పని తక్కువ. చూసిన ప్రతివాడూ స్త్రీలను అలాగే చూస్తాడని నిరూపించడం కష్టం, ఎవరి మీదా ఏ ప్రభావమూ లేదనడమూ కష్టం. పెద్దవారు ఏకాంతంగా చూడటం అశ్లీలత నేరం కాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. నేరం కానంత మాత్రాన నైతిక ప్రశ్న తీరిపోదని గుర్తుచేసి ముందుకు సాగండి.

పంచడం దగ్గర మాత్రం ఆగాలి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన అమ్మాయి వీడియోను మరో గ్రూపుకు పంపేవాడు తానేమీ తీయలేదు కదా అనుకుంటాడు. న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణ ఈ సాకును తోసిపుచ్చుతుంది. ఫొటో తీయడానికి ఒప్పుకున్న స్త్రీ దాన్ని ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరమే. ఒక పనికి ఇచ్చిన సమ్మతి మరో పనికి చెల్లదన్న ఈ ఒక్క సూత్రం తెలిసినా సభ పెట్టినందుకు ప్రయోజనం దక్కినట్టే.

ఇరుపక్షాలకూ వారి బలమైన వాదన ఇవ్వాలి

వ్యతిరేక పక్షానికి అమెరికా స్త్రీవాదులు కేథరిన్ మెకినాన్, ఆండ్రియా డ్వార్కిన్‌ల వాదన ఇవ్వండి. పోర్నోగ్రఫీ స్త్రీని తక్కువ చేయడం గురించి మాట్లాడదు, అదే ఆమెను తక్కువ చేసే చర్య అన్నది వారి వాదం. నీతి పేరుతో కాక పౌరహక్కుల పేరుతో, హాని పొందిన స్త్రీ దావా వేసేందుకు వీలుగా వారు 1983లో మినియాపోలిస్ నగరం కోసం ఒక శాసనం రాశారు. నగర మండలి ఆమోదించినా మేయర్ తిరస్కరించారు. ఇండియానాపోలిస్ 1984లో ఆ తరహా శాసనం చేసింది. 1985లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తీర్పులో విచిత్రం ఏమిటంటే, ఇలాంటి చిత్రణ స్త్రీల అణచివేతను కొనసాగిస్తుందన్న వాదనను కోర్టు అంగీకరించింది. అంగీకరించి కూడా, అది మాటకున్న శక్తిని చూపుతుందే తప్ప నిషేధానికి కారణం కాదని చెప్పింది. ఈ తీర్పును ఇరుపక్షాల చేతా చదివించండి.

అనుకూల పక్షం అంటే పోర్నోగ్రఫీని మెచ్చుకునేవారని అనుకోకూడదు. నిషేధాన్ని వ్యతిరేకించిన స్త్రీవాదులు అమెరికాలో 1984లోనే సంఘంగా ఏర్పడ్డారు. నిషేధించే అధికారం చేతికి వస్తే ప్రభుత్వం దాన్ని ముందుగా బలహీనుల మీదే వాడుతుందని వారు హెచ్చరించారు. కెనడా సుప్రీంకోర్టు 1992లో బట్లర్ కేసులో స్త్రీలకు కలిగే హానిని ఆధారం చేసుకొని అశ్లీలత చట్టాన్ని సమర్థించింది. ఆ తర్వాత తొలి దెబ్బలు తిన్నవాటిలో టొరంటోలోని స్వలింగ ప్రియుల పుస్తక దుకాణం ఒకటి. రాధికా సాంత్వనము గతి తెలిసిన తెలుగు చదువరికి ఈ భయం కొత్త కాదు.

మన చట్టాలను ఎవరి కోసమని అడగాలి

సెక్షన్ల జాబితా చదివితే ఎవరికీ గుర్తుండదు. ప్రతి సెక్షన్ దగ్గరా ‘ఇది ఎవరిని కాపాడుతోంది?’ అని అడగండి. పాత శిక్షాస్మృతిలో 292గా ఉండి ఇప్పుడు న్యాయ సంహితలో 294 అయిన సెక్షన్, ఐటీ చట్టంలోని 67 చదివేవాడి, చూసేవాడి మనసును కాపాడతాయి. స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం, 1986 మాత్రం స్త్రీని కించపరిచే చిత్రణ అన్న మాట వాడింది. మన ప్రశ్నకు దగ్గరగా వచ్చింది అదే, కానీ అదే నిర్వచనంలో ప్రజానీతిని కూడా కలిపేసింది. ఐటీ చట్టం 66ఇ, న్యాయ సంహిత 77 ఆ మనిషి ఏకాంతాన్నీ సమ్మతినీ కాపాడతాయి. పిల్లల విషయంలో చర్చే లేదు. పిల్లల మీద లైంగిక దోపిడీని చూపే దృశ్యాలను పోర్నోగ్రఫీ అనకూడదని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది. సభలో కూడా ఆ దృశ్యాలను ఆ పేరుతో ప్రస్తావించనీయకండి.

పరువు మాట వచ్చినప్పుడు

అది తప్పకుండా వస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో జరిగిన ఒక సమావేశంలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు లేచి, ‘ఏమ్మా, ఇవన్నీ విప్పి మాట్లాడుకుంటూ పోతే మన ఇళ్ల పరువేం కాను?’ అని అడిగారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు, భయం ఉంది. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న అమ్మాయి కూర్చున్న చోటునుంచే, ‘మాస్టారూ, నా వీడియో ఎవడైనా తీస్తే ముందు నన్నే ఇంట్లో కూర్చోబెడతారండీ. వాడు మాత్రం కాలేజీకి వెళ్తాడు. పరువు ఇంటిదైతే శిక్ష నాకెందుకండీ?’ అంది. మాస్టారు కొంచెంసేపు ఆలోచించి, ‘అది నిజమేనమ్మా’ అని కూర్చున్నారు.

ఇలాంటి చోట నిర్వాహకుడు పెద్దాయనను ఓడించడానికి ప్రయత్నించకూడదు. అందరి చేతుల్లో ఉన్న కాగితాన్ని మళ్లీ చూడమని మాత్రం అనాలి. అమ్మాయి ఒళ్లు ఇంటి సొత్తు అన్న భావన, సొత్తు అనుకోవడమనే ఆరో లక్షణమే. ఆమె ఏమనుకుంటోందో అడగకుండా ఫోను లాక్కోవడం ఏడోది. బెదిరించేవాడి చేతిలో ఆ వీడియోకు అంత బలం వచ్చింది కూడా ఈ పరువు భయం వల్లే. పోర్నోగ్రఫీ చేసే హానిలో కొంత భాగాన్ని మన ఇళ్లే సరఫరా చేస్తున్నాయన్న మాట వినడానికి కటువుగా ఉన్నా చెప్పి తీరాలి.

నవ్వేవారి మీద కోప్పడవద్దు. చాలావరకు ఆ నవ్వు ఇబ్బందిలోంచి వస్తుంది. వారినే తర్వాతి షాట్ వివరణ చదవమంటే సరిపోతుంది. మాట్లాడని అమ్మాయిలను పేరు పెట్టి పిలవవద్దు. చీటీలు రాసి డబ్బాలో వేయమనండి, వాటిని నిర్వాహకుడే చదవాలి. అబ్బాయిలు కూడా చీటీల్లోనే నిజాలు రాస్తారు. తాము చూసినదాన్ని బట్టి భార్యాభర్తల సంబంధం గురించి భయం పట్టుకుందని రాసినవారున్నారు. ఆ చీటీలకు గౌరవంగా జవాబు చెప్పాలి.

ముగించే తీరు, ఆ తర్వాత

చేతులెత్తించి ఓటు వేయించవద్దు. మొదట్లో ఒకసారి, చివర ఒకసారి పేరు లేని చీటీ మీద రెండు ప్రశ్నలకు జవాబు రాయించండి: నాలుగు దశల్లో ఏ దశలో స్త్రీ వస్తువు అవుతోంది, దానికి మందు నిషేధమా, సమ్మతిని కాపాడే చట్టమా, మరొకటా? 2015 ఆగస్టులో కేంద్రం 857 పోర్నోగ్రఫీ సైట్లను ఆపమని ఆదేశించి, కొద్ది రోజుల్లోనే ఆ ఆదేశాన్ని సడలించిన సంగతిని రెండో ప్రశ్నకు ముందు గుర్తుచేయండి. నా ఓటు సమ్మతి చట్టాల అమలుకే, కానీ నిర్వాహకుడు తన ఓటును చీటీలు తీసుకున్న తర్వాతే చెప్పాలి.

సభ అయ్యాక ఎవరో ఒకరు విడిగా వచ్చి తమకు జరిగింది చెప్పే అవకాశం ఉంది. అందుకోసం ఒక మహిళా అధ్యాపకురాలు ఇంకో అరగంట అక్కడే ఉండాలి. వీడియో చూపమని ఆమె అడగకూడదు. లింకు, పంపినవారి నంబరు, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్లు దాచుకోమని, బెదిరించినవాడికి డబ్బు పంపవద్దని చెప్పాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. 181 మహిళా సహాయవాణి, అత్యవసరమైతే 112 ఉన్నాయి. ఏ పోలీసు స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చు, హాస్టల్ గుంటూరులో, ఇల్లు మాచర్లలో ఉన్నా అభ్యంతరం లేదు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది ఆమె నిర్ణయానికే వదలాలి. చెప్పాలనుకుంటే తోడుగా వెళ్లడానికి అధ్యాపకురాలు సిద్ధంగా ఉండాలి.